బ్రూనో లెక్కలు: ఒక బాల్కనీ కుక్క, ఒక కిటికీ, పదకొండు వారాలు

జూన్ 16, 2025, సోమవారం

పొద్దున 8:42కి మెలకువ వచ్చింది. నాది రాత్రి ఉద్యోగం. అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ పని, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా. నాలుగున్నరకి పడుకుంటే పన్నెండుకి లేవాలి. అలా పన్నెండుకి లేచి మూడు నెలలవుతోంది.

హైదరాబాద్ నాచారంలో మేముండేది మూడో అంతస్తు. పక్క బిల్డింగ్ మూడో అంతస్తు బాల్కనీ, మా పడగ్గది కిటికీ ఎదురెదురు. మధ్యలో ఏడు మీటర్లు ఉంటుందేమో. ఆ బాల్కనీలో ఒక బీగిల్. పేరు బ్రూనో. సాయంత్రం ఏడున్నరకి యజమానులు ఇంటికొచ్చాక "బ్రూనో, నో!" అని ఒక్క కేక వినిపిస్తుంది, పేరు అలా తెలిసింది. ఆ కేక తర్వాత పొద్దున దాకా కిక్కురుమనదు. మళ్ళీ వాళ్ళ లిఫ్టు తలుపు పడగానే మొదలు.

ఎవరికి చెప్పుకున్నా ఒకటే మాట: మొరిగే కుక్క కరవదులే. కరిచినా బాగుండేది, ఇంజెక్షన్లు వేయించుకుంటే ఆ గొడవ అక్కడితో తీరేది.

పోయిన నెల ఒకసారి వెళ్ళి అడిగాను. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ముప్పైలోపు వాళ్ళే. ఆ అబ్బాయి గుమ్మంలోనే, "మావాడా? అస్సలు మొరగడు భయ్యా, చాలా క్వయిట్" అన్నాడు. నిద్రలేని ముఖంతో ఉన్నవాడికి ఆ మాట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. గొంతు పెంచాను. తలుపు పడింది.

అందుకే ఈ డైరీ. ముందు లెక్కపెట్టాలి. ఎన్నిసార్లు, ఎప్పుడు, ఎంత గట్టిగా. ఆ తర్వాత కిటికీ సంగతి.

జూన్ 19, గురువారం

మొరుగుళ్ళు లెక్కపెట్టే యంత్రానికి సామాను వచ్చింది. ఒక ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, రెండు ఐఎన్‌ఎంపీ441 మైకులు, జంపర్ వైర్లు. ఒక పాత ఫోన్ చార్జరు ఇంట్లోనే దొరికింది. అంతా కలిపి తొమ్మిది వందల లోపే. మైకు చిటికెన వేలి గోరంత ఉంటుంది. డిజిటల్ మైకు కాబట్టి మామూలు మైకుల్లా వైరు పొడుగునా గుర్రుమనే రొద పట్టుకోదు.

ఇంతకుముందే చేసిన తెలివితక్కువ ఖర్చు కూడా రాసిపెట్టాలి: కోడిగుడ్ల అట్టలా గుంటలు గుంటలుగా ఉండే నల్ల ఫోమ్ షీట్లు, 'సౌండ్‌ప్రూఫ్' అని అమ్మినవి, 1,800 రూపాయలు. కిటికీ పక్క గోడకి మొత్తం అంటించాను. గదిలో నా గొంతు ప్రతిధ్వని తగ్గింది. బ్రూనో గొంతు మాత్రం ఇంకా స్పష్టంగా వినిపించింది. ఫోమ్ గదిలో ఉన్న శబ్దాన్ని పీల్చుకుంటుంది తప్ప బయటి శబ్దాన్ని ఆపదు. ఆపడానికి బరువుండాలి, సందు ఉండకూడదు. థర్మాకోల్ కూడా ఆపదు.

జూన్ 21, శనివారం

మైకు పనిచేయలేదు. పనిచేయలేదంటే, పనిచేస్తున్నట్టే నటించింది. చెవి పక్కన చప్పట్లు కొట్టినా 41 డెసిబెల్స్ చూపిస్తోంది. కోడ్ మూడు గంటలు వెతికాను. తప్పు కోడ్‌లో లేదు. ఈ మైకుకి చెవి అడుగున ఉంటుంది: పైన మెరిసే లోహపు డబ్బా కేవలం మూత, శబ్దం వెళ్ళే సూదిమొనంత రంధ్రం బోర్డు వెనకవైపు. నేనేమో ఆ వెనకవైపునే ప్లాస్టిక్ డబ్బాకి గ్లూ గన్‌తో దిట్టంగా అంటించేశాను. గ్లూ పీకితే రంధ్రంలోకి కూడా దిగిపోయింది. ఒక మైకు పోయింది. రెండు కొన్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

రెండోదానికి డబ్బాలో ఆరు మిల్లీమీటర్ల బెజ్జం పెట్టి, ఆ బెజ్జానికి మైకు రంధ్రం సరిగ్గా వచ్చేలా కూర్చోబెట్టాను. వానజల్లు పడకుండా డబ్బా మీద సగం కొబ్బరి చిప్ప బోర్లించాను. గాలి వీచినప్పుడు వచ్చే బరబర తగ్గడానికి ముందు సన్నని స్పాంజి ముక్క. కిటికీ బయట సన్‌షేడ్ కింద బిగించాను.

ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ విభాగంలో చేసే మా స్నేహితుడి దగ్గర అసలైన సౌండ్ మీటరు ఉంది. దాన్ని పక్కన పెట్టి పోల్చి చూస్తే నాది రెండున్నర డెసిబెల్స్ తక్కువ చెబుతోంది. కోడ్‌లో ఆ రెండున్నర కలిపేశాను.

జూన్ 22, ఆదివారం

నిన్న సాయంత్రం నుంచి ఇవాళ మధ్యాహ్నం లోపల 1,140 మొరుగుళ్ళు! గెలిచాననుకున్నాను. తర్వాత టైములు చూస్తే పొద్దున ఏడింటికి మా కింది ఫ్లాటు వాళ్ళ మిక్సీ, ఎనిమిదికి మూడిళ్ళ కుక్కర్లు, పదింటికి ఉల్లిగడ్డల ఆటో మైకు. యంత్రానికి కొబ్బరి చట్నీ కూడా కుక్కలాగే వినిపించింది.

నియమం మార్చాను. చుట్టూ ఉన్న మామూలు రొద కంటే 12 డెసిబెల్స్ పైకి ఎగిరి, సెకనులో పదో వంతు కంటే ఎక్కువ, ముప్పావు సెకను కంటే తక్కువ ఉంటేనే మొరుగుడు. అంతకంటే సాగితే కుక్కరో మిక్సీయో. శబ్దంలో కూడా, స్వరం ఎంత సన్నమో బొంగురో చెప్పే కొలతలో 400 నుంచి 2,500 హెర్ట్‌జ్ మధ్య ముక్కనే చూడమన్నాను, లారీల గురగుర అక్కడే పోతుంది.

శబ్దం రికార్డు చేయడం లేదు. టైము, డెసిబెల్ అంకె, అంతే. ఈ మాట మా ఆవిడ పట్టుబట్టి పెట్టించింది. "ఎదుటి వాళ్ళింట్లో మాటలు నీ మెమరీ కార్డులో ఎందుకు?" అంది. నిజమే.

జూన్ 24, మంగళవారం

యంత్రాన్ని నమ్మాలంటే మనిషి లెక్కతో సరిచూడాలి. అత్తయ్యగారు రామకోటి జపానికి వేలికి పెట్టుకునే కౌంటర్ ఉంది, ఉంగరంలా ఉండి నొక్కితే ఒకటి పెరిగేది. అది అడిగి తీసుకుని 8:40 నుంచి 9:40 దాకా కిటికీ దగ్గర కూర్చున్నాను. మొరిగితే ఒక నొక్కు. గంటలో నా లెక్క 331, యంత్రం లెక్క 304.

తేడా ఎక్కడ వచ్చిందో కూడా తెలిసింది. రెండు మొరుగుళ్ళు అతుక్కుపోతే అది ఒకటిగా లెక్కేస్తోంది. పైగా బీగిల్ కేవలం భౌ భౌ అనే జాతి కాదు, వేట కుక్క. మెడ పైకెత్తి "ఊ..." అని రాగం తీస్తుంది. ఆ రాగం ఒక సెకను దాటితే నా యంత్రం కుక్కర్ అనుకుని వదిలేస్తోంది. సరిచేద్దామనుకుని ఆగిపోయాను. తక్కువ చూపిస్తేనే నయం. పెంచి చెబుతున్నావని రేపు ఎవరూ అనలేరు.

గంటసేపు అలా చూస్తూ కూర్చుంటే ఇంకోటి కూడా కనిపించింది. మొదటి అరగంట అది రోడ్డు వైపు అసలు చూడలేదు. ఇంటి లోపలికి, హాలు తలుపు వైపు తిరిగి మొరిగింది. బాల్కనీ ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్ళీ తలుపు దగ్గరికి. అత్తయ్యగారు కాఫీ ఇస్తూ ఒకసారి చూసి, "పాపం, బెంగ పెట్టుకుంది నాయనా" అన్నారు. నాకు జాలి రాలేదు, నిద్రొచ్చింది.

జూన్ 29, ఆదివారం

మొదటి పూర్తి వారం:

సోమ 812, మంగళ 774, బుధ 905, గురు 688, శుక్ర 851, శని 143, ఆది 19.

ఆ చివరి రెండు అంకెలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. శనివారం వాళ్ళలో ఒకరు ఇంట్లో ఉంటారు. ఆదివారం ఇద్దరూ ఉంటారు. అంటే "మావాడు మొరగడు భయ్యా" అన్నప్పుడు ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. ఆయన విన్నంత మేరకు అది నిజమే. తన కుక్క మొరుగుడు కాలనీ మొత్తం వింటుంది, వినని ఇల్లు ఆయనదొక్కటే.

కోపం పోలేదు. అడిగినప్పుడు ఒక్క నిమిషం ఆలోచించి ఉండొచ్చు కదా అనే కోపం అది, ఉంటుంది. కానీ ఏం చెప్పాలో ఇప్పుడు తెలిసింది.

జూలై 2, బుధవారం

చట్టం చదివాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పగలంటే పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా. మా కిటికీ దగ్గర బ్రూనో గొంతు 78. ఇంకేం, కేసు మనదే అనుకున్నాను.

కాదు. ఆ 55 అనేది సగటు, శక్తి లెక్కన తీసే సగటు. 900 మొరుగుళ్ళు, ఒక్కోటీ మూడు పదుల వంతు సెకను అనుకుంటే మొత్తం 270 సెకన్లు. పదహారు గంటల్లో, అంటే 57,600 సెకన్లలో, అది అర శాతం కూడా లేదు. అంత పలుచగా పరిస్తే సగటు 23 డెసిబెల్స్ పైచిలుకు పడిపోతుంది. 78 లోంచి అది పోతే 55కి కాస్త కిందే. మొరుగుడు వాటా ఒక్కటే చూస్తే బ్రూనో చట్టబద్ధంగానే మొరుగుతోంది! నిద్ర చెడగొట్టేది సగటు కాదు, ప్రశాంతంగా ఉన్నప్పుడు ఠపీమని పడే ఆ ఒక్క మొరుగుడు. దానికి లెక్కల్లో చోటు లేదు.

మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ఇంకో దారి చెప్పారు: ఆ బిల్డింగ్ వాళ్ళతో మాట్లాడి కుక్కల్నే నిషేధించమందామని. అదీ కుదరదు. కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మెజారిటీ ఒప్పుకున్నా సరే, పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదు. నాకైతే అది సబబుగానే అనిపించింది. ఇవాళ కుక్క, రేపు పెళ్ళికాని కుర్రాళ్ళు, ఎల్లుండి చేపల కూర.

వెతుకుతుంటే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కనబడింది. 11వ సెక్షన్‌లో ఏవేవి క్రూరత్వమో జాబితా ఉంది. ఎప్పుడూ కట్టేసో మూసేసో ఉంచే కుక్కని తిప్పకపోవడం కూడా అందులో ఉంది. 65 ఏళ్ళ కింద ఎవరో ఈ బాల్కనీని చూసే రాసినట్టున్నారు.

అల్ట్రాసోనిక్ డబ్బా ఒకటి కార్ట్‌లో పెట్టి తీసేశాను. మనకు 20 కిలోహెర్ట్‌జ్ దాటితే వినిపించదు, కుక్కలకు అంతకు రెట్టింపు దాకా వినిపిస్తుంది, ఆ రకం చప్పుడుతో బెదిరించే యంత్రం అది. ఏడు మీటర్ల దూరం పోయేసరికి అది బాగా నీరసపడుతుంది, తలుపేస్తే ఆగిపోతుంది. పైగా బెంగతో ఏడుస్తున్న దాన్ని ఇంకాస్త భయపెట్టడం.

జూలై 6, ఆదివారం

ఇవాళ వాళ్ళింటికి వెళ్ళాం. మా ఆవిడ కొత్తావకాయ సీసా పట్టుకుంది. "కంప్లయింటు పట్టుకెళ్తే తలుపు తీయరు, ఆవకాయ పట్టుకెళ్తే తీస్తారు" అంది. తీశారు.

బ్రూనో వచ్చి నా కాళ్ళు వాసన చూసి, పక్కనే చతికిలపడి, తల నా పాదం మీద పెట్టుకుంది. మూడు నెలల నా శత్రువు. చెవులు వెల్వెట్ గుడ్డలా ఉన్నాయి. ఉన్నంతసేపూ ఒక్క కూత లేదు.

కాగితం తీశాను. ఒక వారం, రోజుకో వరుస, గంటకో గడి, ఎన్ని మొరుగుళ్ళో అంత ముదురు రంగు. ఆ అమ్మాయి వేలు పెట్టి ఒక్కో వరుసా చూసుకుంటూ కిందికొచ్చి, తెల్లగా ఉన్న ఆదివారం మీద ఆగింది.

"ఇది మేం ఇంట్లో ఉన్న రోజు కదా అక్కా" అంది మా ఆవిడతో. మళ్ళీ పైకెళ్ళి సోమవారం పొద్దున 8:40 నుంచి 9:30 మధ్య నల్లటి గడి మీద వేలు పెట్టింది. "ఇది మేం వెళ్ళిపోయాక." తర్వాత ఏమీ మాట్లాడలేదు.

అబ్బాయి మాత్రం ముందు అనుమానంగానే అడిగాడు: "మా ఇంటిని రికార్డ్ చేస్తున్నారా భయ్యా?" అడగాల్సిన ప్రశ్నే. ఫైలు తెరిచి చూపించాను. అంకెలు తప్ప ఏమీ లేవు. కాసేపటికి ఆయనే, "ఆ రోజు తలుపేసింది సారీ భయ్యా. నిజంగా మాకు తెలీదు" అన్నాడు. నేను కూడా గొంతు పెంచినందుకు సారీ చెప్పాను. ఇద్దరం ఆవకాయ సీసా వైపు చూస్తూ చెప్పుకున్నాం.

రేపు పాత ఫోన్ ఒకటి హాల్లో వీడియో కాల్ పెట్టి వదిలేసి వెళ్తామన్నారు.

జూలై 8, మంగళవారం

ఆ అమ్మాయి మా ఆవిడకు ఫోన్ చేసి ఏడ్చింది. వీడియోలో బ్రూనో నలభై నిమిషాలు తలుపు గీకుతూనే ఉందట, నోటి వెంట చొంగ కారుతూ. పెట్టిన అన్నం ముట్టలేదు. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి రోడ్డు మీద పోయే ప్రతి డెలివరీ బండికీ మొరిగింది.

నా గడుల్లో కూడా అంతే ఉంది. పొద్దున గుంపు ఒంటరితనానిది. పదకొండు నుంచి నాలుగు దాకా చిన్న చిన్న గుంపులు రోడ్డువి. బండి వస్తుంది, మొరుగుతుంది, బండి వెళ్ళిపోతుంది. తను మొరగడం వల్లే వెళ్ళిందని కుక్క లెక్క. రోజుకి ముప్పైసార్లు గెలుస్తుంటే మానేస్తుందా?

జూలై 12, శనివారం

వాళ్ళ పని వాళ్ళు మొదలుపెట్టారు. ఇక నా కిటికీ.

అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, పక్కకి జరిగే అల్యూమినియం కిటికీ. రాత్రి ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, అంచుల వెంట అగరుబత్తి తిప్పాను. రెండు అద్దాలు కలిసే చోట పొగ నిలువునా లోపలికి వంగింది. కింది పట్టాలో వాననీరు పోవడానికి పెట్టిన బెజ్జాల దగ్గర కూడా. అన్నిటికంటే గట్టిగా ఊగింది మాత్రం నేను అనుకోని చోట: ఏసీ పైపు గోడలోంచి వెళ్ళే రంధ్రం దగ్గర. పైన ప్లాస్టిక్ మూత పీకితే లోపల థర్మాకోల్ ముక్క, దాని చుట్టూ ఆకాశం కనిపిస్తోంది. ఏసీ బిగించినవాళ్ళు మూడేళ్ళ కింద అలాగే వదిలేసి పోయారు.

అల్యూమినియం పని చేసే అన్న వచ్చి అద్దాల అంచుల్లో ఉండే బ్రష్‌ని గోటితో గీకి చూపించాడు. "ఇది మొత్తం అరిగిపోయింది సార్. దుమ్ము ఆగుతలేదు, ఇగ సప్పుడు ఏమాగుతది?" కొత్త బ్రష్ వేశాడు, మధ్య సందుకి రబ్బరు పట్టీ పెట్టాడు. ఏసీ రంధ్రం నేనే సిమెంటు, సిలికాన్‌తో పూడ్చాను.

పోయిన మైకు బదులు ఇంకోటి కొని దిండు పక్కన పెట్టాను. ఒకే మొరుగుడు బయట ఎంత, లోపల ఎంత? ముందు తేడా 16 డెసిబెల్స్ ఉండేది, ఇప్పుడు 21. 78 ఉన్నది లోపలికి వచ్చేసరికి 57. ఇంకా మెలకువ వస్తోంది, కానీ ఉలిక్కిపడి లేవడం లేదు.

జూలై 18, శుక్రవారం

తెనాలి దగ్గర మా తాతగారి పెంకుటింట్లో కిటికీలకు అద్దాలు ఉండేవి కావు. లోపలివైపు చెక్క రెక్కలు, అడ్డంగా గడియ. మధ్యాహ్నం ఆ రెక్కలు వేస్తే వీధిలో సంత జరుగుతున్నా గదిలో చీకటి, నిశ్శబ్దం. అదే చేయిద్దామనుకున్నాను: అద్దాల కిటికీ అలాగే ఉంటుంది, దానికి లోపల తొమ్మిది సెంటీమీటర్లు వదిలి చెక్క రెక్కలు. రెండు పొరల మధ్య గాలి ఎంత ఎక్కువుంటే అంత మంచిది. తొమ్మిది అంగుళాల గోడ కాబట్టి చోటు సరిపోయింది.

వడ్రంగి నవ్వాడు. "ఇప్పుడు కిటికీకి రెక్కలెవరు పెట్టిస్తున్నరు సార్? మా తాత కాలంల పెట్టేటోళ్లు." 18 ఎం.ఎం. ప్లైవుడ్, చుట్టూ చెక్క ఫ్రేము, ఫ్రేముకి రబ్బరు గాస్కెట్, పైనా కిందా టవర్ బోల్టులు. ఒక్కో రెక్క పది కిలోల పైనే. రెండు పొరల మధ్య అంచుల వెంట ఆ పనికిమాలిన నల్ల ఫోమ్‌ని కత్తిరించి అంటించాం. ఆ ఖాళీలో శబ్దం గంట మోగినట్టు మోగకుండా పీల్చుకోవడానికి అది సరిగ్గా పనికొచ్చింది. 1,800లో ఒక నాలుగొందలైనా వసూలయినట్టే.

బిగించాక కుడి రెక్క పడలేదు. మూస్తే స్ప్రింగ్‌లా వెనక్కి వస్తోంది. బందుల వైపు గాస్కెట్ మందం ఎక్కువై, రెక్క దాన్ని నొక్కలేక బందుల్ని లాగుతోంది. బలవంతంగా బోల్టు వేస్తే మర ఊడిపోయింది. బందులు విప్పి, రెండు మిల్లీమీటర్లు బయటికి జరిపి, పాత బెజ్జాల్లో అగ్గిపుల్లలు, ఫెవికాల్ కూరి మళ్ళీ బిగించేసరికి రాత్రి డ్యూటీ టైమయింది. హెడ్‌సెట్ పెట్టుకున్నా చేతులకు రంపపు పొట్టు వాసన పోలేదు.

జూలై 19, శనివారం

తేడా 30 డెసిబెల్స్. లోపల 48. మూడో నంబరు మీద మా ఫ్యాన్ చప్పుడే 44. పది డెసిబెల్స్ తగ్గితే మన చెవికి సగమైనట్టు ఉంటుంది. 62 నుంచి 48కి వచ్చిందంటే సగం కంటే బాగా తగ్గినట్టు.

11:20 దాకా నిద్రపోయాను. లేచేసరికి తలనొప్పి. అన్ని సందులూ మూసేశాను కదా, గాలి కూడా రావడం లేదు. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి ఇస్తుంది, కొత్త గాలి తేదు. ఇక నుంచి హాలు వైపు తలుపు బెత్తెడు తెరిచి పడుకోవాలి. ఆ వైపు కుక్కలు లేవు, కుక్కర్లే.

మొత్తం ఖర్చు, వడ్రంగి కూలితో సహా, పదకొండు వేల చిల్లర.

జూలై 27, ఆదివారం

వాళ్ళ వైపు సంగతులు. వెటర్నరీ డాక్టరు చెప్పినవి: వెళ్ళేటప్పుడు ముద్దులు, వీడ్కోళ్ళు వద్దు. తాళంచెవి చప్పుడు చేసి మళ్ళీ కూర్చోవడం. తలుపు బయట అర నిమిషం నిలబడి లోపలికి రావడం, తర్వాత నిమిషం, మూడు నిమిషాలు, అలా పెంచుకుంటూ పోవడం. పొద్దున ఆరింటికే అరగంట నడిపించి అలసట తెప్పించడం. బోలు రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టి, వెళ్ళేముందు ఇవ్వడం. నాకు పెరుగన్నం సంగతి బాగా నచ్చింది. బాల్కనీ తలుపు మూసి హాల్లో ఉంచుతున్నారు, కిటికీ కింది సగానికి గరుకు అద్దంలా ఉండే స్టిక్కరు అంటించారు. కింది అంతస్తులో ఉండే రిటైర్డ్ మాస్టారు మధ్యాహ్నం పదిహేను నిమిషాలు తిప్పుతున్నారు. ఆయనకు షుగరు, డాక్టరు నడవమన్నాడట.

ఇవన్నీ చేసిన మొదటి వారం అంకెలు పెరిగాయి! జూలై 15న 963, ఇప్పటిదాకా అదే రికార్డు. ఎప్పుడూ మొరిగితే ఏదో ఒకటి జరిగేది, ఇప్పుడు జరగడం లేదు కాబట్టి ఇంకా గట్టిగా అడిగి చూస్తుందని డాక్టరు ముందే చెప్పారట. ఇద్దరూ ఆఫీసు రోజులు మార్చుకున్నారు. ఈ వారం సోమ నుంచి శుక్ర దాకా: 540, 511, 388, 402, 297.

పోయిన ఆదివారం, 20న, బోనాల డప్పులు. యంత్రం 6,000 దాటి లెక్కపెట్టి హ్యాంగ్ అయింది. ఆ రోజు కొట్టేశాను.

ఆగస్టు 9, శనివారం

రాయకుండా ఉండలేను. నిన్న రాత్రి వాళ్ళు సెకండ్ షోకి వెళ్ళారు, బ్రూనోని మళ్ళీ బాల్కనీలో వదిలేసి. 10:05 నుంచి 12:50 దాకా 212. నేను డ్యూటీలో ఉన్నాను. అవతల క్లయింటు "మీ దగ్గర కుక్కుందా?" అని అడిగింది. లేదన్నాను. నమ్మినట్టు లేదు.

అబ్బాయికి అంకె మాత్రం పంపాను, ఇంకో మాట రాయలేదు. అయిదు నిమిషాల్లో "హాల్లో తడి ఆరలేదని బయట పెట్టాం భయ్యా, మర్చిపోయాం" అని జవాబు. ఈ మర్చిపోవడమే నాకు అర్థం కాదు. పసిపిల్లవాణ్ణి బాల్కనీలో మర్చిపోతారా?

మా ముందు వీధిలో మొరిగే ఇంకో కుక్క ఉంది, స్పిట్జ్ జాతిది; ఆ స్పిట్జ్ గారి యజమాని దగ్గరికి కూడా కాగితం, సీసా పట్టుకుని వెళ్ళాం. "మొరగడానికే కదండీ కుక్క" అన్నాడు. సీసా తీసుకున్నాడు, కాగితం తీసుకోలేదు.

ఆగస్టు 23, శనివారం

పది రోజులుగా ఎక్కడ చూసినా కుక్కల చర్చే. ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని ఈ నెల 11న సుప్రీంకోర్టు చెప్పింది. నిన్న మార్చింది: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి ఎక్కడివక్కడే వదలాలి, రేబిస్ ఉన్నవీ దూకుడుగా ఉన్నవీ తప్ప. మా మెట్ల మీద కూడా రెండు పార్టీలు తయారయ్యాయి. నన్ను అడిగితే ఏం చెప్పను? మా వీధి కుక్కలు నాలుగూ వాచ్‌మన్ పెట్టిన అన్నం తిని పగలంతా కారు కింద పడుకుంటాయి. నా బాధంతా మెడలో పట్టీ ఉన్నదానితో.

ఈ వారం: 96, 71, 118, 64, 58. సెకండ్ షో మళ్ళీ జరగలేదు. నేను పన్నెండింటికి లేస్తున్నాను. రెక్కలు మూసి పడుకుంటే పొద్దున ఏదో దూరపు ఊళ్ళో కుక్క అరిచినట్టుంటుంది.

ఎడమ రెక్క కింద గాస్కెట్ కొంచెం ఊడింది. వానకి చెక్క ఉబ్బినట్టుంది. ఫెవిక్విక్ కాదు, రబ్బరు సొల్యూషన్ వాడాలి.

ఆగస్టు 31, ఆదివారం

పొద్దున అంకె చూసి మండిపోయాను. ఆదివారం, ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు, చవితి సెలవులకు వెళ్ళిన ఊరి నుంచి నిన్ననే వచ్చారు. అయినా 46! ఆదివారాల్లో ఇంత ఎప్పుడూ లేదు. ఫోన్ తీసి మెసేజ్ టైపు చేసి, పంపేముందు టైములు చూశాను. 10:15 నుంచి 10:40 మధ్య గుంపు. ఒక్కోటీ పావు సెకను, సరిగ్గా మొరుగుడు లాగే ఉంది. కానీ కొన్ని 91 డెసిబెల్స్. ఏడు మీటర్ల నుంచి బ్రూనో ఎప్పుడూ 80 దాటలేదు. ఇది మైకుకి చాలా దగ్గర్లో మొరిగింది.

కిటికీ రెక్క తీసి చూశాను. యూకేజీ చదివే మా పాప, కిటికీ పక్కనే ఉన్న మా బాల్కనీ గ్రిల్లు పట్టుకుని నిలబడింది. అటు వైపు బ్రూనో తల ఒక పక్కకి వంచి శ్రద్ధగా వింటోంది. పాప "భౌ" అంటే అది తోక ఆడిస్తుంది. ఆరేడు సార్లు పిలిస్తే ఒకసారి జవాబిస్తుంది.

మెసేజ్ చెరిపేశాను. నమోదు: మొత్తం 46. బ్రూనోవి 6, మా పాపవి 40.

మైకుని కిటికీ అవతలి అంచుకి జరపాలి.